జర మళ్ల చెప్పు బిడ్డా

గూడూరు పక్క ఊరి బడిలో నేనూ, ఇంకో టీచరమ్మా కలిసి పనిచేశాం. ఆవిడది ఒకటో తరగతి. పిల్లల్లో ఎక్కువమంది తండాల నుంచి వచ్చేవాళ్లు. వాళ్లకు ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు. ఎవరేం చెప్పినా ఆవిడ నోట "తప్పు" అన్న మాట వచ్చేది కాదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, ముందుకు వంగి, "జర మళ్ల చెప్పు బిడ్డా" అనేది. ఆవిడకు చెవుడేమోనని, చేరిన కొత్తలో నేను గట్టిగా అరిచి మాట్లాడేవాణ్ణి.

ఒకరోజు పిల్లల చదువు ఎలా ఉందో చూడటానికి ఒక అధికారి వచ్చాడు. పుస్తకంలో కూతురికి జడ వేస్తున్న అమ్మ బొమ్మ చూపించి, "ఎవరు?" అని ఒక పాపను అడిగాడు.

"యాడి" అంది పాప.

ఎక్కడ అని అడుగుతోందనుకున్నాడాయన. "యాడ ఏంది? గిక్కడ్నే" అని బొమ్మ మీద వేలు పెట్టాడు.

"యాడి."

ఆయన పుస్తకాన్ని ఇంకా దగ్గరకు జరిపాడు. అది పాప ముక్కుకు తగిలింది గానీ జవాబు మారలేదు.

ఆయన సున్నా వేయబోతుంటే ఆవిడ ఆపింది. "సరిగ్గనే చెప్పింది సార్. వాళ్లింట్ల అమ్మను యాడి అంటరు."

ఆయన కాస్త చిన్నబోయి, "ఈ క్లాసుల భాష రానోళ్లు ఎంతమంది మేడం?" అన్నాడు.

ఆవిడ పిల్లల్లాగే చెయ్యెత్తింది.

"నేనొక్కదాన్నే సార్. పిల్లలు నేర్పుతున్నరు."