ఊపిరాడని సాక్షి గుంటూరు ప్రయాణం

జనం కిక్కిరిసిన గదిలో నాకు ఊపిరాడదు. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, కళ్లు తలుపు కోసం వెతుకుతాయి. డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, "ఇది ఆందోళన. గాలి కోసం తంటాలు పడొద్దు, ముందు మెల్లగా వదులు" అన్నారు. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనినే నేను తప్పుగా చేస్తున్నానట.

మా పిన్ని కూతురు రేష్మ అక్క నిశ్చితార్థంలో, ఉంగరాలు మార్చుకునే వేళకి నేను మేడ మీద నీళ్ల ట్యాంకుకి తోడుగా ఉన్నాను. ఆ తర్వాత అక్క ఒకటే మాట అంది. "నా నికాకి సాక్షివి నువ్వేరా బాజీ. ఈసారి పారిపోతే నీకూ నాకూ మాటల్లేవు."

అందుకే గురువారం ఉదయం ఆరున్నరకి అద్దంకి బస్టాండులో కొత్త చొక్కాతో నిలబడ్డాను. పక్కన మస్తాన్ మామయ్య. పెళ్లికూతురి గదికి వెళ్లి ఆమె సమ్మతి అడిగే వకీలు ఆయనే. ఆమె జవాబుని చెవులారా వినాల్సిన ఇద్దరు సాక్షుల్లో నేనొకణ్ణి. రెండో ఆయన నికా జరిగే గుంటూరులోనే ఉన్నాడు.

"కిటికీ పక్కన కూర్చోరా, దూకాలంటే సులువు" అన్నాడు మామయ్య.

మార్టూరులో ఒక రైతు ఎక్కాడు. గుంటూరు మిర్చి యార్డులో చూపించడానికి ఎండుమిరప మచ్చు తెచ్చుకున్నాడు. బ్రేకు పడగానే సంచి మూతి ఊడింది. బస్సంతా దగ్గులు, తుమ్ములు. నాకు మాత్రం ఎక్కడలేని హుషారు! అందరికీ ఒకేసారి ఊపిరాడకపోవడం, నన్నెవరూ వింతగా చూడకపోవడం అదే మొదటిసారి.

"చూశారా ఘాటు! రేటు పలుకుద్ది" అన్నాడు రైతు కళ్లు తుడుచుకుంటూ.

"ముందు మమ్మల్ని బతకనియ్యి పెద్దాయనా" అన్నాడు కండక్టరు.

తొమ్మిదింటికి గుంటూరు. ఇడ్లీలు తిని, ఆటో ఎక్కి ఫంక్షన్ హాలుకి చేరాం. పదకొండింటికి ఖాజీ గారు పుస్తకం తెరిచారు. వకీలూ సాక్షులూ కలిసి ముగ్గురం పెళ్లికూతురి గదిలోకి వెళ్లాం. పదిమంది పట్టే గదిలో నలభై మంది ఆడవాళ్లు, వాళ్లందరి మల్లెపూలు. వెనక తలుపు మూసుకుంది. నా చేతులు చల్లబడ్డాయి.

మామయ్య వరుడి పేరూ, అతను పెళ్లికూతురికి ఇచ్చే మహరు సొమ్మూ చెప్పి, "నీకు సమ్మతమేనా అమ్మా?" అన్నాడు. అక్క పలకలేదు. మళ్లీ అడిగాడు. పలకలేదు.

"సిగ్గులే" అంది ఒక పెద్దమ్మ.

"ఇష్టం లేదా ఏంది?" అంది వెనకనుంచి ఇంకో గొంతు.

మామయ్య మొహం పాలిపోయింది. నేను మేలిముసుగు కింద అక్క భుజాలు చూశాను. పైకి లేస్తున్నాయి, దిగడం లేదు. అది సిగ్గు కాదు. ఆ భుజాల సంగతి నాకంటే తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు.

"అందరూ కాస్త బయటికి వెళ్లండి. కిటికీలు తియ్యండి" అన్నాను.

"చెప్పడానికి నువ్వెవడివిరా?"

"సాక్షిని పెద్దమ్మా. నాకు ఊపిరాడట్లా. నేను పడిపోతే ఇంకో సాక్షిని వెతకాలి, బిర్యానీ ఆలస్యమవుద్ది."

గది సగం ఖాళీ అయింది. నేను నేల మీద కూర్చుని, "అక్కా, పీల్చకు. ముందు వదులు. వేడి టీ ఊదినట్టు, మెల్లగా" అన్నాను. ఇద్దరం కలిసి వదిలాం. ఐదోసారికి ఆమె భుజాలు దిగాయి.

మామయ్య ఆనవాయితీ ప్రకారం మళ్లీ మూడుసార్లు అడిగాడు. "ఖుబూల్" అంది అక్క, మూడుసార్లూ స్పష్టంగా. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వింకా ఇక్కడే ఉన్నావేంట్రా?" అంది.

నాకూ అప్పుడే తెలిసింది. వణికే చేత్తోనే సంతకం పెట్టాను. చెల్లుతుందని ఖాజీ గారు చెప్పారు.

నాలుగింటి బస్సు కిటకిటలాడుతోంది. నిలబడే ప్రయాణం. నాలాంటివాళ్లు మీలో ఉంటే చెబుతున్నాను: దడ నన్ను వదిలిపోలేదు, బస్సులో నాతోపాటే నిలబడింది. కాకపోతే నేను దిగిపోలేదు.

హైవే ఎక్కాక మామయ్య గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఆ వదలడం ఎట్లాగో నాకూ చెప్పరా. పిల్ల పలకనప్పుడు ఆగిన గుండె ఇంకా కుదుటపడలా."

చూపించాను. ఇద్దరం కలిసి పొడుగ్గా ఊపిరి వదిలాం.

కండక్టరు వెనక్కి తిరిగి, "ఎంత నిట్టూర్చినా లాభం లేదండీ, చిలకలూరిపేట దాకా సీట్లు లేవు" అన్నాడు.