కొలతలు చెప్పిన గొంతు

దుకాణంలో ఎవరైనా ఫోను తాళం సంఖ్య నొక్కబోతే అతను గోడవైపు తిరిగిపోయేవాడు. ఎంత తెలిసినవాళ్ళయినా అంతే.

"తిరగడమెందుకయ్యా, అందులో మా ఆవిడ తిట్లు తప్ప ఏమున్నాయని!"

"తిట్లయినా మీవే కదండీ," అనేవాడు గోడతో.

మొదట రేడియోలు బాగుచేశాడు, తర్వాత ఫోన్లు. ఒకసారి మేనకోడలి ఫోను బస్సులో పోయింది. కొట్టేసినవాడు అందులోని ఫొటోలు పట్టుకుని ఆ పిల్లను ఏడిపించుకు తిన్నాడు. అప్పటినుంచి అతనికి తాళాల పిచ్చి పట్టింది. దుకాణానికి వచ్చిన ప్రతి ఫోనుకూ ఎన్‌క్రిప్షన్ పెట్టించేవాడు.

"లోపలున్నదంతా నుగ్గునుగ్గు చేసి ఉంచుతుందండీ. మీ సంఖ్య పడితేనే మళ్ళీ మాటలవుతాయి. చిప్పు ఊడబెరికినా దొంగకి దొరికేది పొట్టే."

భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. కొలతలు రాసుకోవడానికి బద్ధకం. ఫోనులో చెప్పి రికార్డు చేసుకునేది. ఆ ఫోనుకూ అతను తాళం వేయించాడు. సూదులకు వేళ్ళ గీతలు అరిగిపోయి ఆమె వేలిముద్ర పడలేదు. సంఖ్యే దిక్కయింది.

"మీక్కూడా చెప్పకూడదా?"

"చెప్పకు. నన్ను బెదిరించి లాగొచ్చు."

"అబ్బో, మిమ్మల్ని బెదిరించేవాళ్ళు నేను కాక ఇంకెవరున్నారు!"

అతను గోడవైపు తిరిగాడు. ఆమె టకటకా నొక్కేసింది. బయటెక్కడా కాపీ ఉండకూడదన్నాడు. తప్పు సంఖ్యలు పదేపదే కొడితే లోపలిదంతా చెరిగిపోయేలా కూడా పెట్టాడు.

ఒక వాన మధ్యాహ్నం ఆమె మిషను మీద తల వాల్చింది. మళ్ళీ ఎత్తలేదు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక కూతురు ఆ ఫోను తెచ్చి అతని ముందు పెట్టింది.

"అమ్మ గొంతు వినాలనుంది నాన్నా. ఎవరి భుజం కొలతయినా సరే."

"రాదమ్మా."

"ఎంతమంది ఫోన్లు తెరిచావు! అమ్మది రాదా?"

"వేసింది నేనే. అందుకే రాదు."

అయినా కూర్చున్నారు. పెళ్ళిరోజు కొట్టారు. కూతురి పుట్టినరోజు, పాత ఇంటి నంబరు, ఏవేవో కొట్టారు. ఇంకొక్కసారే మిగిలిందని తెర చెప్పింది. అతను ఫోను బోర్లించాడు.

"ఇక వద్దు. ఇలా ఉంటే లోపల ఉందనైనా అనుకోవచ్చు."

"అనుకుంటే వినపడుతుందా?" అంది కూతురు. "నీ పుట్టినరోజు కొట్టలేదు."

"అలాంటివి పెట్టొద్దని గట్టిగా చెప్పాను."

"అమ్మ నీ మాట ఎప్పుడు వింది కనక?"

అది నిజమే. ఇద్దరికీ నవ్వు రాబోయింది. అతను ఫోను తిప్పి, తన పుట్టినరోజు నెమ్మదిగా నొక్కాడు.

తెర నల్లబడింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తెల్లగా వెలిగి, కొత్త ఫోనులా స్వాగతం చెప్పి, ఏ భాష కావాలని అడిగింది.

"ఈ ఒక్క మాట మాత్రం వింది," అన్నాడతను.

మర్నాడు పొద్దున దుకాణానికి వెళ్ళేముందు ఆ ఫోనులో భాష ఎంచాడు. గడియారం సరిచేశాడు. తాళం పెట్టమని అడిగితే వద్దని నొక్కాడు. దాన్ని మిషను మీద ఉంచి, తన ఫోను తీసి ఆమెకు రింగు చేశాడు. మోగింది. తెర మీద పేరు లేదు, వట్టి అంకెలే. ఇన్నేళ్ళూ ఆమె తనను అందులో ఏమని రాసుకుందో అతనికి తెలియదు. దానంతటది ఆగేదాకా మోగనిచ్చాడు.