నక్క బొమ్మ వెనక

గరివిడి ఫ్యాక్టరీ స్టోర్సులో గుమస్తా కృపానిధికి ఏదైనా ఒకసారి నచ్చిందంటే ఇక దాన్ని వదలడమంటూ ఉండేది కాదు. పెళ్లికి ముందు ఏ సబ్బు రుద్దుకునేవాడో, కూతురు కాలేజీకి వెళ్లాక కూడా అదే సబ్బు. గరివిడిలో మంగలి షాపులున్నా క్షవరానికి చీపురుపల్లి పోయేవాడు. బాప్టిస్టు చర్చిలో తను కూర్చునే బెంచీలో ఇంకెవరైనా కూర్చుంటే ఆ ఆదివారం ప్రసంగం చెవికెక్కేది కాదు.

ఇంట్లోకి కంప్యూటర్ కొన్నప్పుడూ అంతే. బిగించడానికొచ్చిన మనిషి "ఇంటర్నెట్ కావాలంటే దీన్ని నొక్కండి" అని తోక చుట్టుకున్న నక్క బొమ్మ చూపించాడు. అది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్. కృపానిధి నొక్కాడు. పేపరొచ్చింది, క్రికెట్ స్కోరొచ్చింది. అప్పట్నుంచీ ఆయన నక్క మనిషి. స్టోర్సులో మిగతావాళ్లంతా క్రోమ్‌కి మారిపోయినా ఆయన కదల్లేదు.

"మీ క్రోమ్ యాపారస్తులది. నా నక్కని సేసినోలు లాభం సూసుకోరు. ఆ సంగతి మీకేటి తెలుసు?" అని టీ తాగుతూ వాదనకి దిగేవాడు.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే, కంప్యూటర్ తెర మీద నక్క పక్కనే క్రోమ్ బొమ్మ కనిపించింది. ఇంట్లోకి దొంగ దూరినంత గొడవ చేశాడు.

"ఎవులెట్టారిది? నన్నడక్కుండా ఇందులోకి ఏదీ ఎక్కించొద్దని సెప్పానా నేదా?" అని కేకలేసి, అప్పటికప్పుడు దాన్ని చెరిపేశాడు. సెలవులకొచ్చి వెళ్లిన కూతురి పనే అనుకున్నాడు. భార్య సత్యవతి వంటింట్లో కూర తరుగుతూ ఉండిపోయింది. ఆవిడ ఆ కంప్యూటర్ మీద దుమ్ము దులపడం తప్ప ఇంకేమీ చెయ్యగా ఆయన ఎన్నడూ చూడలేదు.

తర్వాత కొన్నాళ్లకి ఆయన నక్క కొంచెం రూపు మార్చుకుంది. పైనున్న బటన్లు ఓ మూలకి పోయాయి. కొత్త వెర్షన్ వచ్చినట్టుంది అనుకున్నాడు. అంతకుముందు నసుగుతూ తెరుచుకునే పేజీలు ఇప్పుడు చకచకా వస్తున్నాయి. "సూసారా నా నక్క!" అని స్టోర్సంతా చాటుకున్నాడు.

రెండువేల పదిహేనులో ఒక ఆదివారం, బావమరిది రాబర్ట్ బొబ్బిలి నుంచి భోజనానికొచ్చాడు. వాడు అక్కడ కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు.

"ఇంకా నక్కేనా బావా?" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట చాలు. కృపానిధి వాణ్ని లాక్కెళ్లి కుర్చీలో కూలేసి, నక్క మీద నొక్కి చూపించాడు. "సూడరా దీని జోరు! మీ క్రోమ్ దీని ముందు నిలబడతాదా?"

రాబర్ట్ తెర వంక చూశాడు. మౌస్ తీసుకుని మూలనున్న మూడు గీతలు నొక్కాడు. వాడి నవ్వు పోయింది.

"బావా, ఇది క్రోమే."

"ఏటీ?"

"క్రోమే బావా. బొమ్మొక్కటే నక్కది. ఎవులో మార్చీసారు."

కృపానిధి ముందుకు వంగి తెర మీద క్రోమ్ అన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. నిన్నగాక మొన్న స్టోర్సులో ఎవరి మొహం మీద చెయ్యి ఊపి వాదించాడో ఆ మొహాలన్నీ కళ్లముందు తిరిగాయి.

"నువ్వేనేట్రా?"

"నాకేటి పని బావా?"

"నానే మార్చాను," అన్న మాట వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. చేతికి చేపల పులుసు మసాలాతో సత్యవతి నిలబడి ఉంది.

కృపానిధి గుమ్మం వైపు తిరిగాడు. ఆ మాటన్నది సత్యవతేనా అని ఒకటికి రెండుసార్లు చూశాడు. "నీకు దాంతో ఏటి పనే?" అన్నాడు చివరికి.

"తెలుగులో టైపు సేసుకోడానికి. ఈ పాత కంప్యూటర్లో నాకు అందులోనే కుదిరింది. అప్పుడు మీరు సెరిపీసారు. మళ్లీ ఎడితే మళ్లీ సెరిపేస్తారు. అందుకని నక్కని తీసీసి, దాని బొమ్మ క్రోమ్‌కి ఎట్టడం నెట్లో సూసి నేర్సుకున్నాను."

"టైపు సేసి ఏటి సేస్తావు?"

రాబర్ట్ తెల్లబోయి బావ వంక చూశాడు. "క్రిస్మస్ నాటికలు అక్కే రాస్తాది గదా! నాకు పంపితే ప్రింటు తీసి పాస్టరమ్మకిస్తాను. దీనికి నక్క ముసుగేసిందని నాకూ తెలీదు గానీ, నాటికల సంగతి నీకు తెలీదా బావా?"

తెలీదు. ఆ నాటికలు విశాఖపట్నం నుంచి వస్తాయనే అనుకున్నాడు. పోయిన క్రిస్మస్‌కి, చోటు లేదు పొమ్మనే సత్రం యజమాని వేషం వేసి, "ఈ రాత్రి నా సత్రంలో గోడలు కూడా ఇరుక్కుని నిలబడ్డాయి" అని గర్జించి చప్పట్లు కొట్టించుకున్నాడు.

"ఆ గోడల మాట నువ్వే రాసావా?" అన్నాడు కృపానిధి.

"రాయడమేటి? మా పుట్టింటోలు వచ్చినప్పుడు మీరన్న మాటే అది."

రాబర్ట్ పకపకా నవ్వబోయి, బావ మొహం చూసి ఆగిపోయాడు. కృపానిధి కంచం ముందు కూర్చుని అన్నం కెలికాడు. ముందు కోపం వచ్చింది. తన ఇంట్లో తనకే కళ్లకి గంతలు కట్టారని పళ్లు నూరాడు. కాస్సేపటికి కోపం జారిపోయి, దాని కింద భయంలాంటిదేదో తగిలింది. తెర మీద ఉన్నదేదో గుర్తుపట్టలేకపోతే పోనీ, పక్కనున్న మనిషిని కూడానా?

సాయంత్రం రాబర్ట్ వెళ్లిపోయాక అడిగాడు. "ఇంకా ఏటైనా ఉన్నాదా, నాకు తెలీనిది?"

"అడిగితే సెప్తాను," అంది సత్యవతి బట్టలు మడతపెడుతూ. "మీరెప్పుడడిగారు గనక?"



మరుసటి ఆదివారం రాబర్ట్ మళ్లీ వచ్చి అసలు నక్కని కొత్తగా ఎక్కించి, క్రోమ్ బొమ్మ క్రోమ్‌కి పెట్టాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. క్రిస్మస్ ముందు కృపానిధి తనే పాస్టర్ దగ్గరికి పోయి, నాటిక ఎవరు రాశారో అందరిముందూ చెప్పమన్నాడు. నాటిక రోజు ఆ పేరు వినగానే చర్చిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. సత్యవతి తల దించుకుంది.

స్టోర్సులో వాదనలు మాత్రం ఆగిపోయాయి. ఎవరైనా కావాలని గోకితే టీ గ్లాసు కింద పెట్టి, "నాను నక్క. మా ఇంటిది క్రోమ్" అని ఊరుకునేవాడు.