గుండీలమ్మ కుడిభుజం

గుండీలమ్మ చేతిసంచి ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి షట్టర్‌తో పాటు పైకి వెళ్లి, సాయంత్రం ఏడింటికి దానితోనే కిందికి దిగింది. మధ్య పది గంటలూ కొట్టు గుమ్మం పైన, ఎవరి నెత్తికీ తగలనంత ఎత్తులో బుద్ధిగా వేలాడింది. అందులో ఆమె కళ్లజోడు, భోజనం డబ్బా ఉన్నాయి.

తాళాలు తీసేటప్పుడు సంచిని షట్టర్ పిడికి తగిలించడం ఆమె అలవాటు. పక్క కొట్టు గడియారాల మెకానిక్ వచ్చి ఒక్క ఊపులో షట్టర్ ఎత్తేసి, బేరం చెడుతుందని పరుగున వెళ్లిపోయాడు. "కాస్త దించు తమ్ముడూ" అంటే సరిపోయేది. కానీ పొద్దున్నే ఒకసారి అడిగిన మనిషిని రెండోసారి అడగడం ఆమెకు చచ్చేంత చిన్నతనం. మధ్యాహ్నం అతనే వచ్చి, "ఆ సంచేమిటక్కా అక్కడ?" అన్నాడు.

"అక్కడే పెట్టుకుంటాను," అంది.

ఆ రోజు నల్లవి అడిగినవాళ్లందరికీ ముదురు నీలం గుండీలు అమ్మింది.

ఐదు నెలల క్రితం పై అర నుంచి జిప్పుల పెట్టె దించబోయి స్టూలు మీద నుంచి పడింది. ఎముక అతికింది గానీ, కుడి చేతిలో సత్తువ తిరిగి రాలేదు. కొట్టులో సగం వాటా ఉన్న సొంత తమ్ముడు ఆ వారమే మొహమాటం లేకుండా చెప్పేశాడు: "షట్టర్ ఎత్తలేని కొట్టు మనకెందుకక్కా? రెండు నెలలు చూద్దాం. ఎత్తావా, సరే. లేదా, అద్దెకిచ్చేసి హాయిగా ఇంట్లో కూర్చో."

కూర్చోవడం! టీ కూడా నడుస్తూ తాగే మనిషి ఆమె. ఇరవై రెండేళ్లుగా ఆ కొట్టులో కుర్చీ ఉందంటే అది కొనేవాళ్ల కోసమే.

సంచి దిగిన మర్నాడే కొట్టు పైన మేడమీద అద్దెకుండే పిల్ల దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల ఆసుపత్రిలో వ్యాయామాలు చేయిస్తుంది. మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి పొద్దున తొమ్మిదిన్నర దాకా నిద్రపోతుంది.

"గుడ్డసంచిలో అరకిలో గుండీలు పోసి ఎత్తండి ఆంటీ. పదిసార్లు, మెల్లగా. రోజు విడిచి రోజు. వారానికో పిడికెడు పెంచండి. చెయ్యి బాగుంటే షట్టర్ కూడా ఎత్తి చూద్దురుగాని, అదీ ఎత్తే రోజున ఒక్కసారి మాత్రమే."

వారానికో పిడికెడు మంచిదైతే రోజుకో పిడికెడు ఇంకా మంచిది కదా అనుకుంది గుండీలమ్మ. విడిచే రోజు విడిచిపెట్టలేదు. పన్నెండో రోజున భుజం కటుక్కుమంది. మళ్లీ మొదటికొచ్చింది, అదీ ఖాళీ సంచితో.

"సంచిలో ఏముందక్కా?" అన్నాడు గడియారాలాయన.

"ఏమీ లేదు."

"మరి అంత ఆయాసమెందుకు?"

సంచి అతని మీదికి విసిరింది. అది అతని దాకా కూడా వెళ్లలేదు.

మూడు వారాలకు షట్టర్‌ని మోకాలి దాకా లేపి, గోడ మీద సుద్దతో గీత గీసింది. ఆ ఉత్సాహంలో మర్నాడూ లేపింది. వారం రోజులు జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

మేడమీద పిల్లకి ఒళ్లు మండింది. "ఎత్తిన రోజు కండ అలిసిపోతుంది ఆంటీ, మర్నాడు ఊరుకుంటేనే గట్టిపడుతుంది. ఊరుకోవడం కూడా వ్యాయామమే అనుకోండి!"

"అన్నిటికన్నా బరువైనది చెప్పావే తల్లీ."

నిజంగానే అదే బరువైంది. చేతికి సెలవైన రోజుల్లో కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని గుమ్మానికీ బల్లకీ మధ్య తిరిగేది. రంగుల వారీగా ఏరిన గుండీలన్నీ ఒకే పళ్లెంలో కుమ్మరించి, మళ్లీ ఏరేది. "మీ నడకకి నా గోడ గడియారాలు టైము తప్పుతున్నాయక్కా," అని మొత్తుకునేవాడు పక్క కొట్టాయన. సుద్దగీత మాత్రం నడుం దాకా, తర్వాత ఛాతీ దాకా పాకింది. అక్కడ ఆగిపోయింది.

గడువు మూడు రోజులుందనగా తమ్ముడు ఫోన్ చేశాడు. "కొట్టు చూడటానికి ఎవరో వస్తామంటున్నారక్కా." ఆ రోజు చేతికి సెలవు. గుండీలమ్మ లేచి వెళ్లి, సగం దించి ఉన్న షట్టర్ పిడి పట్టుకుంది. పట్టుకుని నిలబడింది. వదిలేసి వచ్చి పళ్లెం ముందు కూలబడి, ఆకుపచ్చ గుండీలు ఏరింది.

మర్నాడు చేతిసంచి మెడలో వేసుకుని, మోకాళ్లు వంచి లాగింది. మోకాలు, నడుం, ఛాతీ. ఎప్పుడూ షట్టర్ గెలిచే చోటు అదే. అరచేతులు తిప్పి కిందనుంచి తోసింది. ఒక్కసారిగా బరువు తగ్గి, ఘర్రుమంటూ షట్టర్ పైకి పోయింది. కంటికి భూతద్దంతోనే గడియారాలాయన బయటికొచ్చాడు.

"మీ తమ్ముడికి నేను సాక్ష్యం చెబుతానక్కా! ఇక లోపలికి పదండి."

ఆమె అతని కొట్టులోని కొక్కెం కర్ర అందుకుని షట్టర్ దించింది. మళ్లీ ఎత్తింది.

జుట్టు రేగిపోయి, దుప్పటి భుజాన వేసుకుని ఆ పిల్ల మేడ మీంచి తొంగిచూసింది.

"రెండోసారమ్మా ఇది!" పితూరీ చెప్పాడు గడియారాలాయన.

"ఆంటీ! ఒక్కసారే ఎత్తమన్నానా లేదా? రెండోసారి ఎందుకు?"

గుండీలమ్మ కుడిభుజం తడుముకుంటూ తలెత్తింది.

"మొదటిసారికి నువ్వు లేవలేదు కదే తల్లీ!"