చేర్యాల దిక్కు హద్దు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా బంద్‌లు నడుస్తున్న రోజులవి. ఏ బస్సు ఎక్కడ ఆగిపోతుందో డ్రైవరుకే తెలియదు. అయినా ఉదయం ఆరున్నరకు జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సెక్కాను. సిద్దిపేట నుంచి చేర్యాల వెళ్లే దారిలో ఖాజాభాయ్‌కి బండలు కోసే షెడ్డుంది. మా కంపెనీ అమ్మిన యంత్రంలో రంపాన్ని మోసే దూలం అక్కడ రెండుసార్లు పట్టాలు దాటి గోడను గుద్దింది. ఇంకోసారి గుద్దితే యంత్రం వెనక్కి పంపేసి షెడ్డు మూసేస్తానని ఆయన ఫోన్లో చెప్పాడు.

పక్క సీటు పెద్దమ్మ కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్తోంది. నా సంచిలో స్పానర్లు చూసి, "మొగోళ్ల పనికి నువ్వేంది బిడ్డా?" అంది. మోటార్లకు ఆ తేడా తెలియదన్నాను. నవ్వి, సగం జామపండు చేతిలో పెట్టింది.

సిద్దిపేటలో ఇడ్లీ తిని, ఆటోలో పదింటికల్లా షెడ్డు చేరాను. దూలానికి ఇటొక మోటారు, అటొక మోటారు. రెండూ కలిసి నడిస్తేనే అది వంకర పోదు. పట్టాల రెండు చివర్లా 'ఇక ఆగు' అని చెప్పే స్విచ్చులున్నాయి గానీ, అవి నొక్కుకున్నా దూలం ఆగడం లేదు. వైర్లు బిగించింది ఆపరేటర్ ఎల్లయ్య. యంత్రంతో పాటు ఇచ్చిన మా పుస్తకంలోని 'ముందు హద్దు' ఏ చివరని అడిగాను.

"వాకిలి దిక్కు మేడమ్. ముందంటే గదే గదా," అన్నాడు.

యంత్రానికి ముందంటే వాకిలికి ఎదురుగా ఉన్న గోడ. రెండు స్విచ్చులూ తారుమారయ్యాయి, గోడ వైపు వెళ్లే దూలం వాకిలి దగ్గరి స్విచ్చు 'ఆగు' అనాలని చూస్తోంది! ఎల్లయ్యను ఏమనగలను, ఏ ఇంటికైనా ముందు వాకిలే. ఆ పుస్తకం రాసిన మావాళ్ల మీదే ఒళ్లు మండింది. వైర్లు మార్చి, పేర్లూ మార్చేశాను: వాకిలి వైపు 'సిద్దిపేట దిక్కు', గోడ వైపు 'చేర్యాల దిక్కు'. ఇక ఎవరు ఎటు తిరిగి నిలబడినా తేడా రాదు.

తర్వాత మోటార్లను విడివిడిగా నడిపి దూలాన్ని తిన్నగా నిలబెట్టాను. రెండో మోటారు ఎప్పుడూ మొదటిదాని వెంటే నడిచేలా జత కలిపాను. నెమ్మదిగా నడిపితే చక్కగా ఆగింది. పూర్తి వేగం పెట్టేటప్పుడు ఖాజాభాయ్ కళ్లు మూసుకున్నాడు. దూలం సూటిగా సాగి, గోడకు జానెడు దూరంలో ఆగిపోయింది. షెడ్డంతా ఈలలు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేశాను కూడా.

సాయంత్రం తిరుగు బస్సును ప్రజ్ఞాపూర్ దగ్గర ఆపేశారు. రోడ్డు మీదే వంటావార్పు, నినాదాలు. మమ్మల్నీ కూర్చోబెట్టి వేడి అన్నం, పప్పు వడ్డించారు. తింటుండగా ఖాజాభాయ్ ఫోన్ చేశాడు.

"దునియా అంత బంద్ ఉండనీ బిడ్డా, నా షెడ్డు బంద్ కాదు. రేపు అందర్ని పనికి రమ్మన్న."

ఏ ఊరి నుంచీ ఇంత గర్వంగా తిరిగి రాలేదు నేను. ఇంకో ముద్ద అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాను.