రోగం లేదని వేలిముద్ర

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్దికాలంలోనే నాకు జబ్బుల బీమా కావలసి వచ్చింది. అప్పుడు ప్రభుత్వానికే సరైన పైకప్పు లేదు. సగం ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలి గట్టిగా వీస్తే ఫైళ్ళ మీద రాళ్ళు పెట్టుకుని పరిపాలన చేసేవారు. నా ఒంటికి ఏమీ కాదన్న హామీ కోసం నేను వెళ్ళింది అలాంటి ఊరికి.

మాది కడప దగ్గర మగ్గాల ఊరు. నేను మద్రాసులో నేతపని డిప్లొమా ముగించి ఇంటికి వచ్చి, పశ్చిమ జర్మనీలో ఒక నేత విద్యాలయానికి దరఖాస్తు పెట్టాను. వాళ్ళకు ఏం నచ్చిందో ఏమో, సీటు ఇచ్చారు, నెలనెలా భత్యం ఇస్తామన్నారు. ఉత్తరం చివర మాత్రం ఒక మెలిక పెట్టారు. తమ దేశంలో నాకు జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చులన్నీ భరిస్తామని ఏదైనా బీమా కంపెనీ రాసిచ్చిన పత్రం రెండు నెలల్లోగా తమకు చేరాలట. చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారట.

ఇంట్లో చదివి వినిపిస్తే నాయన మగ్గం గుంటలోంచే తల ఎత్తాడు. "సదువుకునేదానికి పోతాండావా, జబ్బు పడేదానికి పోతాండావా?" అన్నాడు. మళ్ళీ తల దించి నేతలో పడ్డాడు. ఆయన వంతు అయిపోయింది.

కర్నూలులో ఒక బీమా ఏజెంటు ఉన్నాడని తెలిసి వెళ్ళి కలిశాను. ఆదోని వైపు మనిషి. నల్ల కోటు, చంకలో గొడుగు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. ఆయన వ్యాపారమంతా 'ఒకవేళ' అన్న ఒక్క మాట మీద నిలబడి ఉండేది. "ఒకవేళ మీకేమన్నా అయితే" అని ఆగి, కళ్ళు పైకెత్తి, మిగతాది మనల్నే అనుకోనిచ్చేవాడు. నాకు కావలసింది చావుకు కాదు, జబ్బుకు అని చెప్పేసరికి ఆయన ముఖం చిన్నబోయింది.

"జబ్బు వరకేనా అప్పా?" అన్నాడు. "పూర్తిగా ఏమీ కాదా?"

"కాదనే అనుకుంటున్నానండీ."

"పూర్తిగా అయితే శానా మంచి పాలసీ ఉండాది. నీ మొకానికి సరిపోతాది. ఇంటోళ్ళకు దుడ్లొస్తాయి, నీకు ఏ బాధా ఉండదు."

చివరికి ఆయనే మద్రాసులో ఒక కంపెనీకి రాసి, విదేశాలకు వెళ్ళేవారికి ఇచ్చే జబ్బుల బీమా ఫారం తెప్పించాడు. నాలుగు పేజీల ఫారం. అందులో ఒక పేజీ అంతా చిన్నప్పటి నుంచి నాకు ఏయే రోగాలు వచ్చాయన్నది. అది నేను చెప్పకూడదట. కన్నవాళ్ళలో ఒకరు వచ్చి, కర్నూలులో ఉన్న కంపెనీ డాక్టరు ఎదుట చెప్పాలట. నాయన మగ్గం వదలడు. కాబట్టి అమ్మ బయలుదేరింది.

ఇక్కడ మా అమ్మ సంగతి కొంత చెప్పాలి. నా గురించి 'బాగుండాడు' అన్న మాట ఆమె నోటి నుంచి నేను పుట్టాక ఎవరూ వినలేదు. మా వైపు తల్లులందరిదీ అదే తీరు, కాని మా అమ్మ ఆ విద్యలో పండిపోయిన మనిషి. పిల్లోడు బాగుండాడా అని ఎవరైనా అడిగితే చాలు, "యాడ బాగుండాడు, ఏదో ఉండాడు" అని మూతి ముడిచేది. నేను మూడు సంగటి ముద్దలు తిని నాలుగో దానికి చెయ్యి చాస్తున్నా, వాకిట్లో నిలబడిన పొరుగమ్మతో "ఏమీ తినడక్కా, ఈనికి పెట్టలేక సస్తాండా" అనేది. ఆ పొరుగమ్మ తన కొడుకు గురించి అంతకంటే ఘోరంగా చెప్పేది. వాళ్ళ మాటలు విన్నవాడెవడైనా మా వీధిలో మగపిల్లలంతా మంచాలు పట్టారనుకుంటాడు. దిష్టికి అంత భయం.

బస్సులో ఓర్వకల్లు గుట్టలు దాటేటప్పుడు పక్క సీటాయన నన్ను చూసి, "దిట్టంగా ఉండాడే నీ కొడుకు, ఏం పెడతావుమా?" అన్నాడు. అమ్మ నా తలమీద కొంగు కప్పి, నన్ను కిటికీ వైపు తిప్పి, కర్నూలు వచ్చేదాకా ఆయన వైపు చూడలేదు. నాకు ఇరవై ఏళ్ళు. ఎర్రంచు కొంగు తలమీద వేసుకుని రాజధానిలో దిగాను.

కంపెనీ డాక్టరు కోస్తా మనిషి. తెల్ల ప్యాంటు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. నా గుండె, పొట్ట, నాలుక అన్నీ చూసి తలాడించాడు. తర్వాత కలం తెరిచి అమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, అబ్బాయి ఆరోగ్యం ఎలా ఉంటుంది?"

"ఏం ఆరోగ్యమప్పా," అంది అమ్మ. "పుట్టినప్పటి నుంచి ఇంతే."

డాక్టరు కలం కదిలింది.

"అన్నం బాగా తింటాడా?"

"పిట్ట తిన్నెట్ల తింటాడు."

"జ్వరాలేమైనా?"

"వస్తానే ఉంటాయి."

"దగ్గు?"

"దగ్గా, రేత్రంతా దగ్గుతానే ఉంటాడు. ఈని దగ్గుకు మాకెవరికీ నిద్రుండదు."

నేను లేచి నిలబడి, నాకు దగ్గు లేదు సార్ అన్నాను. అమ్మ నా వైపు జాలిగా చూసింది. డాక్టరు ఇంకా జాలిగా చూశాడు. "పెద్దావిడ చెబుతోంది కదా, నువ్వు కూర్చో బాబూ, దాచుకుంటే నీకే నష్టం" అని అంతా రాసుకున్నాడు. ఆయన కన్నతల్లి కూడా ఆయన గురించి ఊళ్ళో సరిగ్గా ఇలాగే చెప్పి ఉంటుంది. కాకపోతే ఆమె చెప్పింది ఎవరూ ఫారంలో రాసుకోలేదు, అందుకే ఆయన డాక్టరయ్యాడు.

బయటికి వచ్చాక అమ్మ ముఖం వెలిగిపోతోంది. రాజధానిలో ఇంతమంది కళ్ళ మధ్య కొడుకును దిష్టి తగలకుండా బయటపడేసిన సంతోషం ఆమెది.

ఇరవై రోజులకు ఏజెంటు మా ఊరికే వచ్చాడు, చేతిలో మద్రాసు ఉత్తరం. ఊపిరితిత్తుల విషయమై గట్టి అనుమానం ఉన్నందున బీమా ఇవ్వలేమని కంపెనీ రాసింది. ఆ రోజుల్లో ఊపిరితిత్తుల అనుమానమంటే క్షయ అనే. ఏజెంటు నా ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా కూర్చుని మాట్లాడాడు.

"మా, నువ్వు ఇట్ల చెప్పొచ్చునా?" అన్నాను అమ్మతో.

"నేనేమంటి? ఆయప్ప డాక్టరు గదా, చూస్తే తెలీదా?" అంది అమ్మ.

నిజమే, అడగవలసిన ప్రశ్నే అది. కాని అప్పుడు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు. సంగటి కూడా రెండు ముద్దలతో ఆపేశాను. దాంతో ఆమె చెప్పిన మాట నిజమైపోతోందని గ్రహించి మళ్ళీ మూడుకు వచ్చాను.

ఏజెంటే దారి వెతికాడు. నా మీద ప్రేమతో అని అనను, కమీషను మీద ప్రేమ కూడా ఒక ప్రేమే. డాక్టరు చేత రెండోసారి పరీక్ష చేయించి, రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించి, దానితోపాటు అమ్మ తన మొదటి మాట తప్పని ఒక పెద్ద అధికారి ఎదుట నోటితో చెప్పి వేలిముద్ర వేస్తే కంపెనీ మళ్ళీ ఆలోచిస్తుందట. గడువుకు ఇంక నెల కూడా లేదు.

ఫోటోలో ఏమీ లేదు. డాక్టరు దాన్ని కిటికీకి అడ్డంపెట్టి చూసి, "నీకు నాకంటే మంచి ఊపిరితిత్తులున్నాయయ్యా" అన్నాడు కొంచెం కోపంగా. ఇక మిగిలింది అమ్మ.

ఆ అధికారి ఆఫీసు ఒక గుడారం. లోపల రెండు బల్లలు, వరుసలో పదిహేనుమంది జనం, మూల ఒక కడవ, కడవ దగ్గర బంట్రోతు. గుమాస్తా వేయించిన సెనక్కాయలు ఒలుచుకుంటూ, మా వెంట వచ్చిన ఏజెంటు రాసిన కాగితం అందుకున్నాడు. అధికారి దాన్ని పైకి చదివాడు. "నా కుమారుడు పుట్టినది మొదలు సంపూర్ణ ఆరోగ్యవంతుడు. వానికి దగ్గు గాని, జ్వరము గాని, మరే రోగము గాని లేవు." చదివి, కళ్ళద్దాల పైనుంచి అమ్మను చూశాడు.

"అవునా అమ్మా? నోటితో చెప్పాలి."

అమ్మ చుట్టూ చూసింది. వరుసలో ఉన్న పదిహేనుమందీ నన్ను పైనుంచి కిందికి చూస్తున్నారు. వాళ్ళకు వేరే కాలక్షేపం లేదు.

"రాసుకోండప్పా, యేలు ఒత్తుతా," అంది.

"రాసే ఉంది. నువ్వు చెప్పాలి."

"మీరు చెప్పినారు గదా, అదే."

"నేను చెబితే చెల్లదమ్మా. కన్నతల్లివి నువ్వా, నేనా?"

గుమాస్తా నవ్వాడు. వెనుక ఎవరో "ఏందప్పా ఈ ఆలస్యం" అన్నారు. నేను అమ్మను చెయ్యి పట్టుకుని గుడారం బయటికి లాక్కొచ్చాను. ఏజెంటు గొడుగు తెరిచి మాకు అడ్డం నిలబడ్డాడు, మర్యాదకో, ఎండకో తెలియదు.

"నా బతుకు పాడు చేస్తాండావు మా," అన్నాను. "ఒక్క మాట. నాలుగు అక్షరాలు. అది చెప్పేదానికి నీకు నోరు రాదా?"

అమ్మ గుడారం తాళ్ళు కట్టిన గుంజల వైపు తిరిగింది. తర్వాత మెల్లిగా చెప్పింది.

"నీకంటే ముందు ఒగడు పుట్టె గదరా. మూడేండ్లోడు. తిరనాళ్ళలో గాజులమ్మేయమ్మ వాణ్ణి ఎత్తుకోని, ఎంత బాగుండాడక్కా నీ కొడుకు అనె. నాకు పొగరెక్కె. అవునక్కా, రాయి మాదిరుండాడు, ఒగ తుమ్ము గూడా రాదు అంటి. తొమ్మిదో దినానికి పాయ."

నాకొక అన్న ఉండేవాడని తెలుసు. అంతే తెలుసు. మా ఇంట్లో ఆ ముచ్చట ఎవరూ ఎత్తేవారు కాదు. ఇరవై ఏళ్ళుగా అమ్మ నా గురించి చెప్పిన దగ్గులు, జ్వరాలు, తినని అన్నాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. పోనీలే మా, ఊరికి పోదాం రా, అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను. నేను తర్వాత చేసిన పనులన్నీ చూసుకుంటే ఆ ఒక్క మాటే కొంచెం పెద్దమనిషి తరహాగా కనిపిస్తుంది.

అమ్మ నా మాట వినిపించుకోలేదు. కొంగు బొడ్లో దోపుకుని గుడారంలోకి వెళ్ళింది. అధికారి బల్ల ముందు నిలబడి కళ్ళు మూసుకుంది.

"నా కొడుకు బాగుండాడు."

సరిగ్గా అప్పుడే బంట్రోతు కడవ మీద లోటా పడేశాడు. "వినబడలేదు, కొంచెం గట్టిగా" అన్నాడు అధికారి.

అమ్మ ఇంకోసారి చెప్పింది, గుడారమంతా వినబడేటట్టు. "నా కొడుకు బాగుండాడు. ఏ రోగమూ లేదు. దగ్గూ లేదు. బాగా తింటాడు." ఆ చివరి మాట కాగితంలో లేదు, ఆమె తనంతట తానే చేర్చింది. గుమాస్తా సెనక్కాయ తొక్కలు పక్కకు నెట్టి సిరా దిండు ముందుకు జరిపాడు.

అమ్మ బొటనవేలు కాగితం మీద ఒత్తింది. ఒత్తి, వేలు ఆరకముందే వెనక్కి తిరిగి, ఆ మిగిలిన సిరాను నా బుగ్గ మీద అదిమింది. బలంగా అదిమింది. ఇరవై ఏళ్ళ మగవాణ్ణి, జర్మనీకి పోయేవాణ్ణి, రాజధాని నగరంలో ప్రభుత్వ సిరాతో దిష్టిచుక్క పెట్టించుకుని బయటికి వచ్చాను. మూడు రోజులు కుంకుడుకాయ పెట్టి రుద్దినా పోలేదు. పాస్‌పోర్టు ఫోటోకు ఆ చెంప కనిపించకుండా కొంచెం పక్కకు తిరిగి కూర్చోమన్నాడు ఫోటోగ్రాఫరు.

బీమా పత్రం గడువులోపలే చేరింది. నేను ఓడ ఎక్కాను.

రెండో చలికాలంలో ఒకరోజు నడుం పక్కన కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి తరగతిలోనే పడిపోయాను. మూత్రపిండంలో రాయి. మా ఊరి బావినీళ్ళు తాగి తాగి పెంచుకున్నది, ఏ సుంకం అధికారి కంటా పడకుండా అంత దూరం మోసుకొచ్చాను. కోసి తీశారు. పక్కటెముకల కింద నుంచి జానెడు పొడవున కుట్లు. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ప్రతి ఖర్చూ కంపెనీ కట్టింది, ఒక్క ప్రశ్న వేయకుండా. ఆ నెలలో నేను ఇంటికి రాసిన నాలుగు ఉత్తరాల్లోనూ ఒకటే ఉంది, నేను క్షేమం, ఒక తుమ్ము కూడా రాలేదు అని. ఇంకేం రాయను? తాను నోరు తెరిచి చెప్పినందుకే కొడుకు మీదికి కత్తి వచ్చిందని ఆమె అనుకోకుండా ఎలా ఉంటుంది?

తిరిగి వచ్చాక కడప ఎండల్లో మగవాళ్ళంతా నడుం పైన గుడ్డ లేకుండా తిరుగుతుంటే నేను మాత్రం ఇంట్లో చొక్కా విప్పలేదు. మూడేళ్ళు పోయొచ్చి దొరబిడ్డ అయిపాయనని మా వీధి నవ్వింది. నవ్వనిచ్చాను. మధ్యాహ్నాలు అమ్మ విసనకర్ర తెచ్చి పక్కన కూర్చునేది. "సొక్కా ఇప్పరా నాయనా, ఉడికిపోతాండావు" అనేది. చలిదేశంలో అలవాటైపోయింది మా, అనేవాణ్ణి. పదకొండు ఎండాకాలాలు అదే మాట చెప్పాను.

అమ్మ పోయిన రోజు, పాడె ఎత్తే ముందు నన్ను చొక్కా విప్పమన్నారు. విప్పాను. పక్కనే ఉన్న చిన్నాయన ఆ మచ్చ చూసి, "ఇదేందిరా ఇంత పొడుగు, ఎప్పటిది?" అన్నాడు. అమ్మకు వినబడుతుందేమోనని నేను జవాబు చెప్పలేదు.