పడవకు జ్వరం

ముల్లు మాట నమ్మి మంచి ఇంజనును అమ్మబోయిన తెలివి నాది. నా పాత తెరచాప పడవకు బిగించిన ఇంజను అది. స్టార్ట్ చేసిన నిమిషానికే వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత దాటేది. పంపు మార్చాను, మీటరు మార్చాను. ముల్లు మాత్రం మనసు మార్చుకోలేదు. ఇక అమ్మేద్దామని కొత్తపట్నంలో ఒంగోలు బస్సెక్కి, పక్కసీటు పెద్దాయనకు నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన మాటిమాటికీ వాచీ చూసుకుంటూ, బస్సు ఇరవై నిమిషాలు లేటని డ్రైవరును తిడుతున్నాడు.

"పడవలో లైటేస్తే ముల్లు ఇంకా ఎక్కుద్దా?" అన్నాడాయన.

"ఎక్కుద్ది బాబాయ్."

"ఇంజను మీద చెయ్యేసి చూశావా?"

"లేదు."

ఆయన నా నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు. "జ్వరం ఇట్టా చూస్తారబ్బాయ్! వేడి ఇంజనుకి కాదు. ఉప్పుగాలికి మీటరు ఎర్త్ వైరు చిలుం పట్టి ముల్లు తప్పు చూపిస్తుంటది, గీకి బిగించు."

బస్సంతా నవ్వింది. నేను తర్వాతి స్టాపులో దిగి వెనక్కొచ్చి, వైరు గీకాను. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

నెల తర్వాత మళ్ళీ అదే బస్సు, అదే పెద్దాయన. వేళకే వచ్చిన డ్రైవరును ఆయన లేటని తిడుతున్నాడు. నా ఫోనులో టైము చూశాను. ఆయన వాచీ ఇరవై నిమిషాలు ముందుంది. దగ్గరికెళ్ళి ఆయన నుదుటి మీద చెయ్యి ఆనించాను.

"బాబాయ్, జ్వరం బస్సుకి కాదు, వాచీకి!"